1614 విజయనగర అంతర్యుద్ధంలో చంద్రగిరి కోట పాత్ర ఎంత?

అలిపిరి పాఠకుడు:
జగ్గరాయుడు రాజకుటుంబాన్ని చంపించింది చంద్రగిరి కోటలోనా, వేలూరులోనా? బడి పిల్లలకు కోట చూపిస్తూ చెప్పాలి, తప్పు చెప్పకూడదు. ఆ తగాదాను తేల్చిన తోపూరు యుద్ధం ధర్మపురి ఘాట్‌లోనే జరిగిందా?

కోటగోడ:
వేలూరులోనండి. విజయనగర రాజు వెంకటపతిరాయలు చంద్రగిరి నుంచి ఏలినా, చివరి ఏళ్లలో కొలువు వేలూరుకు మారింది. 1614లో ఆయన పోయేముందు అన్నకొడుకు శ్రీరంగరాయల్ని వారసుడన్నాడు. రాణి బాయమ్మ పుట్టింటివాడు గొబ్బూరి జగ్గరాయుడు ఆమె బిడ్డగా చెలామణి అయిన పిల్లవాణ్ణి నిలబెట్టి, శ్రీరంగరాయల్ని ఆలుబిడ్డలతో సహా బంధించాడు.

శ్రీరంగరాయల పక్షాన నిలిచిన నాయకుడు వెలుగోటి యాచమనాయుడు మాత్రం లొంగలేదు. వేలూరు నేలకోట, చుట్టూ వెడల్పాటి అగడ్త. మెరుపుదాడితో లొంగేది కాదు. అందుకే లోపలివాళ్లను తప్పించే దారులు వెతికాడు. చాకలి సాయంతో శ్రీరంగరాయల కొడుకు, పన్నెండేళ్ల రామదేవుడు బయటపడ్డాడు. సొరంగం ప్రయత్నం బయటపడి కాపలా బిగిసింది. చివరికి కోటలోని దళపతి ఒకడు కాపలావాళ్లను చంపి కబురంపాడు. యాచమనాయుడు చేరేలోపే జగ్గరాయుడు వచ్చిపడ్డాడు. శ్రీరంగరాయల కుటుంబం హతమైంది ఆ తర్వాతే. పోర్చుగీసు పాదిరి బర్రదాస్ 1616లో రాసిన ఉత్తరంలో ఇదంతా ఉంది. సుమారు రెండేళ్లకే రాసింది కాబట్టి దానికి విలువ ఎక్కువ.

పాకాల జంక్షన్:
తోపూరు సంగతి. సేలం దారిలో లారీలు దిగే ధర్మపురి ఘాట్ కాదు సార్. ఇది తిరుచిరాపల్లి దగ్గర, కల్లణై ఆనకట్ట పక్కది. పేరు ఒకటే కావడంతో మ్యాపులో చాలామంది తప్పు చోట గుర్తు పెడుతున్నారు. జగ్గరాయుడు దక్షిణానికి వెళ్లి మధుర, జింజి నాయకుల్ని కూడగట్టాడు. యాచమనాయుడికి తంజావూరు రఘునాథనాయకుడు తోడయ్యాడు. శత్రువులు కల్లణైని తెగగొట్టారని తంజావూరు ఆస్థాన కవులు రాశారు. గెలిచినవాళ్ల కవులు కదా, కాస్త ఆచితూచి చదవండి. 1616 చివర, 1617 మొదట్లో జరిగిన ఆ పోరులో జగ్గరాయుడు చచ్చాడు, రామదేవుడు రాజయ్యాడు.

కోటగోడ:
అంతమాత్రాన చంద్రగిరిని పక్కన పెట్టకండి. సింహాసనం తగాదాల్లో ఈ కోట అసలు పాత్ర అంతకుముందుది. 1485లో చంద్రగిరి ప్రభువు సాళువ నరసింహుడే సేనాని తుళువ నరసనాయకుణ్ణి విజయనగరానికి పంపి గద్దె పట్టాడు. కృష్ణదేవరాయలు తమ్ముడు అచ్యుతుణ్ణి ఉంచింది ఇక్కడే. 1529లో రాయలు పోగానే అళియ రామరాయలు ఇంకొకరిని నిలబెట్టబోతే, అచ్యుతుడు చంద్రగిరి నుంచి కదిలి తిరుమలలో, కాళహస్తిలో పట్టాభిషేకం చేయించుకుని తర్వాత రాజధాని చేరాడు. రాజధాని చేరేలోపే రాజైపోవడం అతనికి కలిసొచ్చింది. బావమరుదులు సలకరాజులు అక్కడ గద్దె కాచారు.

అలిపిరి పాఠకుడు:
అర్థమైంది, ధన్యవాదాలు. పిల్లలకు కొండమీద కూడా చూపించగలిగేది ఏమైనా ఉందా?

పాకాల జంక్షన్:
ఉంది. తిరుమల గుడిలో మహాద్వారం దాటగానే కృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరుల విగ్రహాలున్నాయి కదా, ఎదురువైపు చూడమనండి. అచ్యుతరాయలు, ఆయన రాణి వరదాజి అమ్మ రాతిలో, వెంకటపతిరాయలు రాగిలో నిలబడి ఉంటారు. క్యూ అక్కడ ఆగదు కాబట్టి ఎవరు ఎవరో ముందే చెప్పి తీసుకెళ్లండి.