ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ముప్పై రూపాయల సీడీలు: కొని తప్పు చేశానా?

చిక్కడపల్లి శ్రోత

మొన్న ఆదివారం పాత పుస్తకాల కోసమని ఆబిడ్స్ వెళ్లి, పుస్తకం ఒక్కటీ కొనకుండా సంచి నిండా సీడీలు మోసుకొచ్చాను. ఒక్కోటి నలభై అన్నాడు. మొత్తం తీసుకుంటానంటే ముప్పైకి దిగాడు. పంతొమ్మిది సీడీలు, ₹570. ఇంట్లో ఏమన్నారో అడక్కండి.

అందులో పదకొండు నాక్సోస్ అనే కంపెనీవి. తెల్ల అట్ట, మధ్యలో ఒక పెయింటింగు. బీథోవెన్ పియానో సొనాటాలు, హైడన్ క్వార్టెట్లు (నలుగురు తీగ వాద్యాల మీద కలిసి వాయించేవి). మిగతా ఎనిమిదీ మన కర్ణాటక సంగీతం ఎంపీ3లు. ఒకదాని మీద '120 కృతులు' అని ఉంది కానీ కంపెనీ పేరు లేదు. పక్కవాద్యాలు ఎవరివో కూడా లేదు.

పాశ్చాత్య సంగీతం నాకు ఓనమాలు కూడా రావు. మా ఆఫీసులో ఒకాయన దగ్గర పెద్ద కంపెనీల సీడీలు బీరువా నిండా ఉన్నాయి. నా సంచి చూసి, 'నాక్సోసా? అది చవక సరుకయ్యా, ఊరూపేరూ లేని వాళ్లు వాయిస్తారు' అని చప్పరించేశాడు. తీరా వింటే అవే శుభ్రంగా ఉన్నాయి. మన ఎంపీ3లలోనే తంబురా నీళ్లలో మునిగి మోగుతున్నట్టు ఉంది. పాత డీవీడీ ప్లేయరు, మామూలు స్పీకర్లు. లోపం నా చెవులదా, సరుకుదా?

నల్లకుంట వీణ

మీ చెవులు బాగానే ఉన్నాయండీ. నేను ఏ రికార్డింగైనా ముందు తంబురాతోనే పరీక్షిస్తాను. పాట మొదలయ్యే ముందు పది సెకన్లు చాలు. జీవాళి, అంటే తీగ కింద పెట్టే దారం, సరిగ్గా కుదిరిన తంబురాలో జుమ్మని ఒక నాదం ఎడతెగకుండా సాగుతుంది. పాటను మరీ కుదించి ఎంపీ3 చేస్తే మొదట చెడేది అదే. జుమ్మనడం పోయి గలగలమంటుంది. గాత్రానికి అంత తేడా తెలియదు కాబట్టి చాలామంది పట్టించుకోరు.

నాకు అంతకంటే ఒళ్లు మండేది ఇంకోటి ఉంది. మా దగ్గర నేర్చుకునే అమ్మాయి ఇలాంటి డిస్కే తెచ్చింది. దాంతో కలిపి వాయిద్దామంటే ఒకటి శ్రుతికీ కుదరదు, ఒకటిన్నరకీ కుదరదు, రెంటికీ మధ్యలో వేలాడుతోంది. క్యాసెట్టు నుంచి ఎక్కించినప్పుడు టేపు కాస్త వేగంగా తిరిగి ఉంటుంది. వేగం ఆరు శాతం పెరిగితే అర శ్రుతి పైకి పోతుంది మరి. పైగా అందులో ఒక కృతికి చరణమే లేదు. క్యాసెట్టు ఒక వైపు అయిపోయిందేమో, రెండో వైపు తిప్పిన పాపాన పోలేదు. ఆ పిల్ల చరణం లేకుండానే నేర్చుకుని వచ్చింది.

పాత టేపుల మనిషి

మీ ఆఫీసాయన మాటలో సగం నిజం ఉంది. నాక్సోస్ 1987లో హాంకాంగ్‌లో మొదలైంది. పెట్టింది క్లౌస్ హైమన్ అనే జర్మన్. పెద్ద కంపెనీల సీడీ ధరలో మూడో వంతుకే అమ్మాడు. మరి ఎలా గిట్టింది? పెద్ద పేర్ల జోలికి పోలేదు. స్లొవేకియా, హంగరీ లాంటి చోట్ల మంచి వాద్యకారుల్ని పట్టుకుని, రాయల్టీ లేకుండా ఒకేసారి డబ్బు ఇచ్చేసి వాయింపించాడు. రికార్డింగు మాత్రం కొత్తగా, డిజిటల్‌లో చేయించాడు. అట్ట వెనక డీడీడీ (రికార్డింగు నుంచి చివరిదాకా అంతా డిజిటల్ అని గుర్తు) అని ఉందేమో చూడండి.

మీ సొనాటాలు వాయించింది జె అక్షరంతో మొదలయ్యే పేరాయనైతే, ఆయన్ని యెనో యాండో అని పలకాలి. హంగరీ ఆయన. బీథోవెన్ 32 సొనాటాలూ నాక్సోస్‌కే వాయించాడు. ఆర్భాటం ఉండదు, నిక్కచ్చిగా వాయించాడు. కొత్తగా వినేవాళ్లకి నేను ఆయన్నే చెప్తాను. హైడన్ సీడీ కొదాయ్ క్వార్టెట్ అనే బృందం వాళ్లదైతే కళ్లకద్దుకోండి. నాక్సోస్ మొదటి రోజుల ఆర్కెస్ట్రా సీడీల్లో కొన్ని మాత్రం నాకు చప్పగా ఉంటాయి, ఖాళీ ఫంక్షన్ హాల్లో వాయించినట్టు.

ఇక మన 120 కృతుల సంగతి. మామూలు సీడీలో సెకనుకి 1,411 కిలోబిట్లు. మీ ఎంపీ3 బహుశా 128. అంటే పదకొండో వంతు. అలా కుదిస్తేనే ఒక్క డిస్కులో పన్నెండు గంటల సంగీతం పడుతుంది. నాక్సోస్ వాడు మిగుల్చుకున్నది పేరున్న వాళ్ల పారితోషికం దగ్గర. ఈ ఎంపీ3 వాడు కోత పెట్టింది సంగీతానికే.

కోఠి గుజరాతీ గల్లీ

డిస్కు తిప్పి చూడండి బాస్. వెండిలా మెరిస్తే ఫ్యాక్టరీలో అచ్చు కొట్టింది. నీలంగానో ఆకుపచ్చగానో ఉంటే ఎవడో కంప్యూటర్లో రాసింది. అవి పాడవడం మొదలైతే ఆపలేం, ముందే కాపీ చేసి పెట్టుకోండి.

చిక్కడపల్లి శ్రోత

అందరికీ థాంక్స్. తిప్పి చూశాను. ఎనిమిదిలో ఏడు ఆకుపచ్చ. వెండిది ఒక్కటే, అది అన్నమయ్య కీర్తనలు. అందులో తంబురా బాగానే ఉంది మేడమ్, పది సెకన్లు కళ్లు మూసుకుని మరీ విన్నాను.

నాక్సోస్ అన్నీ డీడీడీయే. క్వార్టెట్ కొదాయ్ వాళ్లదే. రాత్రి పదకొండు దాటాక, రోడ్డు మీద హారన్లు తగ్గాక పెట్టాను. నెమ్మదిగా సాగే భాగం మొదలయ్యే ముందు ఎవరో ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది. రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాను.

కాపీ చేద్దామంటే లాప్‌టాప్‌లో డ్రైవు లేదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీలో అడిగితే బయట తగిలించేది ₹1,400 అన్నాడు. ₹570 సీడీలకి ₹1,400 డ్రైవు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.