మీటర్ ఆకుపచ్చగా మారితే పాస్‌వర్డ్ టెస్ట్ పాసైనట్టేనా?

బెజవాడ టెస్టర్
రెండు రోజులుగా మా టీమ్‌లో దీని మీదే గొడవ, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఒక కాలేజీ ఫీజుల సైటుకి లాగిన్ పేజీ టెస్ట్ చేస్తున్నాను. రూల్ అందరికీ తెలిసిందే: ఎనిమిది అక్షరాలు, అందులో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు, 45 రోజులకోసారి మార్చడం. ముందు ఇంగ్లీషు అక్షరాల్లో హైదరాబాద్@123 అని కొట్టాను. పాస్‌వర్డ్ బలం చూపించే మీటర్ నిండా ఆకుపచ్చ, పక్కన ‘స్ట్రాంగ్’. తర్వాత ఒకదానికొకటి సంబంధం లేని ఐదు తెలుగు మాటలు కలిపి ముప్పై చిన్నక్షరాలు కొట్టాను. ఎర్రగీత, ‘వీక్’. నా వాదన ఒక్కటే, అక్షరాల రకాలు లెక్కపెడితే బలం తెలియదు. దొంగ ముందు ఏది ప్రయత్నిస్తాడో మనమూ ముందు అదే ప్రయత్నించి చూడాలి. ఆ రూల్ తీసేసి, కనీస పొడవు పెంచి, లీకైన పాస్‌వర్డ్‌ల జాబితాతో పోల్చాలి.

ఆడిట్ బల్ల
తీసేయడం తేలికేనండి, రేపు జవాబు చెప్పుకోవాల్సింది మేము. 2009లో రాక్‌యూ సైటు నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు బయటపడ్డప్పుడు అందులో ఎక్కువమంది పెట్టుకున్నది 123456. రూల్ లేకపోతే జనం పెట్టేది అదే. పైగా క్లయింట్ ఇచ్చిన చెక్‌లిస్ట్‌లో ఆ గళ్లన్నీ ఉన్నాయి, టిక్ పెట్టకుండా నేను సంతకం ఎలా చేయను?

బెజవాడ టెస్టర్
123456ని ఆపడానికి జాబితా చాలు కదండీ, గుర్తు ఎందుకు? రూల్ పెట్టాక జనం చేసేది మీకూ తెలుసు, మొదటి అక్షరం పెద్దది, చివర @123, గడువు అయిపోగానే @124. ఈ అలవాటు దొంగలకీ తెలుసు, హ్యాష్‌క్యాట్ లాంటి పాస్‌వర్డ్ ఛేదించే టూల్స్‌లో ఇలాంటి మార్పులు వరసగా చేసుకుంటూ పోవడానికే రూల్ ఫైళ్లు ఉంటాయి. 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం ఈ సలహాలు రాసిన బిల్ బర్, తాను రాసినదాంట్లో చాలాభాగానికి ఇప్పుడు చింతిస్తున్నానని 2017లో ఒక పత్రికతో చెప్పారు. అదే ఏడాది నిస్ట్ కూడా మార్గదర్శకాలు మార్చింది: రకరకాల అక్షరాలు పెట్టమని బలవంతం చేయొద్దు, గడువు పెట్టి మార్పించొద్దు, లీకైన ఆధారం ఉంటేనే మార్పించండి, పేస్ట్ చేయనివ్వండి. మీ చెక్‌లిస్ట్ అంతకంటే పాతదేమో చూడండి.

సర్వర్ గది
జాబితాతో పోల్చడానికి యూజర్ పాస్‌వర్డ్ బయటికి పంపాలేమో అని భయపడేవాళ్ల కోసం చెప్తున్నా. లీకైన పాస్‌వర్డ్‌ల జాబితా ఉన్న ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ సేవకి, పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టే షా-1 హ్యాష్ అనే కోడ్‌లో మొదటి ఐదు అక్షరాలే వెళ్తాయి. వాటితో మొదలయ్యే హ్యాష్‌ల మిగతా భాగాలన్నీ తిరిగి వస్తాయి, పోలిక మన సర్వర్‌లోనే జరుగుతుంది.

కొత్తగా చేరా
అన్నా, ఇంత చర్చ దేనికి, పాస్‌వర్డ్‌లు వరసగా కొట్టి చూసే హైడ్రా టూల్ పెట్టి లైవ్ సైటు మీదే రెండు గంటలు నడిపితే తేలిపోదా?

సర్వర్ గది
వద్దు తమ్ముడూ. అనుమతి లేకుండా అలా చేస్తే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. టెస్ట్ కోసం చేశానంటే వినరు. రాతపూర్వకంగా అనుమతి తీసుకో, స్టేజింగ్ సర్వర్ (లైవ్ కాని, టెస్ట్ కోసం పెట్టుకున్న కాపీ) మీద, మనమే సృష్టించిన ఖాతాల మీద నడుపు.
మేం అలాగే 200 డమ్మీ ఖాతాలు పెట్టి చూశాం. ఒకే ఖాతాకి ఐదు తప్పులు కొడితే లాక్ పడింది, అందరం సంతోషించాం. తర్వాత ఒకే పాస్‌వర్డ్‌ని 200 ఖాతాల మీద ఒక్కోసారి కొట్టాం. ఒక్కటీ లాక్ కాలేదు, ఒక్క అలర్ట్ రాలేదు! లెక్క ఖాతాకే ఉంది, ఎక్కడి నుంచి వస్తున్నాయన్న లెక్క లేదు. మీటర్ రంగు గురించి కొట్టుకునే ముందు ఇది చూసుకోండి.

ఆడిట్ బల్ల
ఇది ఒప్పుకుంటా. అయితే ఐదుకి బదులు మూడు తప్పులకే లాక్ పెడదాం.

బెజవాడ టెస్టర్
అయ్యో, అది మరీ ప్రమాదం. మా సైటులో యూజర్‌నేమ్ అంటే హాల్‌టికెట్ నంబరే, పక్కవాడి నంబరు క్లాసులో అందరికీ తెలుసు. ఫీజు ఆఖరి రోజున ఎవడో మూడుసార్లు తప్పు కొడితే ఆ పిల్లాడి ఖాతా మూతపడుతుంది, ఆ టెన్షన్ ఎవరు పడాలి? తప్పు తప్పుకీ ఆగే సమయం పెంచుకుంటూ పోదాం. నిస్ట్ పెట్టిన గరిష్ఠ పరిమితి వరసగా 100 తప్పులు, అక్కడిదాకా వెళ్లక్కర్లేదు గానీ మూడు మాత్రం వద్దు.

ఆడిట్ బల్ల
సరే. పొడవు 12 చేసి, రూల్ తీసేద్దాం. గడువు తీసేయడానికి మాత్రం క్లయింట్ మెయిల్ కావాలి, అది లేకుండా నేను కదలను.

బెజవాడ టెస్టర్
మెయిల్ సోమవారం తెప్పిస్తానండి. ఇంకో మాట. మీటర్ కోసం డ్రాప్‌బాక్స్ వాళ్లు 2012లో విడుదల చేసిన జెడ్‌ఎక్స్‌సీవీబీఎన్ పెడుతున్నాం, ఊహించడం ఎంత తేలికో చూసి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులేస్తుంది. కానీ దాని నిఘంటువులు ఇంగ్లీషువి, అమెరికా ఇంటిపేర్లవి. తాడేపల్లిగూడెం అని కొడితే ఏవో అర్థంలేని అక్షరాలనుకుని మంచి మార్కులేస్తుంది. మన పదాలు విడిగా ఇచ్చే వీలుంది కాబట్టి ఊళ్లు, ఇంటిపేర్లు, దేవుళ్ల పేర్లు, హీరోల పేర్లు పోగేస్తున్నా, ఇప్పటికి 1,400 అయ్యాయి. మీ వైపు జనం ఎక్కువగా వాడతారనిపించే పేర్లుంటే ఇక్కడ వేయండి, ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలుగానూ.