పద్నాలుగేళ్ల అమ్మాయి చదవదగ్గ తెలుగు కవితలు చెప్తారా?

మా అక్క కూతురికి పద్నాలుగేళ్లు. ఈమధ్య నోట్‌బుక్ వెనక పేజీల్లో ఏదో రాసుకుంటోంది, ఎవరికీ చూపించదు. అడిగి ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. తన మనసుకి దగ్గరగా ఉండే కవితలు కొన్ని చేతికిస్తే చాలనుకుంటున్నా.

నాకు తెలిసింది స్త్రీవాద కవిత్వమే: 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనం, జయప్రభ పైట కవిత, కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’. గొప్పవే, కాదనను. కానీ వాటిలో ఎక్కువ భాగం పెళ్లి, కాన్పు, కాపురం చుట్టూ తిరుగుతాయి. సావిత్రి ‘బందిపోట్లు’ ఒక్కటే చదువుకునే పిల్ల భయంతో మొదలవుతుంది, అదీ పెళ్లి భయమే!

నాకు కావలసినవి వేరు. ప్రాణ స్నేహితురాలు ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తే కలిగే బాధ, అద్దం ముందు చిరాకు, మొదటి నెలసరి, అమ్మ మీద కోపం, కారణం తెలియని ఏడుపు. అమ్మాయిని పువ్వుతోనో దేవతతోనో పోల్చేవి, నీతులు చెప్పేవి అస్సలు వద్దు. వచన కవితలైతే మేలు, ఛందస్సంటే పారిపోతుంది.

ఇలాంటివి ఏ సంకలనాల్లో దొరుకుతాయి? ఆ వయసులో మిమ్మల్ని పట్టుకున్న కవిత ఏదైనా ఉంటే కవి పేరుతో సహా చెప్పండి, ప్లీజ్.