చర్చిల్ ఈ మాట ఏ పుస్తకంలో అన్నాడు? ఆయన పుస్తకాల్లో ఏది ముందు చదవాలి?

ప్రశ్న: పెన్నా ఒడ్డు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. మా మేనమామగారు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి ఇందుకూరుపేట దగ్గర మా ఊళ్లోనే ఉంటున్నారు. ఏటా ఆగస్టు 15న బడిలో జెండా ఎగరేశాక ఆయన చేత నాలుగు మాటలు చెప్పించడం మా ఊరి ఆనవాయితీ. ఈసారి ఆయన, వాట్సాప్‌లో ఏటా తిరిగే బ్రిటిష్ మాజీ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ మాటలను పిల్లలకు చదివి వినిపించాలనుకున్నారు. స్వాతంత్ర్యం ఇస్తే అధికారం దుర్మార్గుల, దోపిడీదారుల చేతుల్లోకి పోతుందని, నాయకులంతా గడ్డిబొమ్మలేనని, వాళ్లలో వాళ్లు కుమ్ములాడుకుంటారని, చివరికి గాలికీ నీటికీ కూడా పన్ను కట్టే రోజు వస్తుందని ఆయన ముందే చెప్పాడన్నది ఆ సందేశం సారాంశం. “ఇది ఏ పుస్తకంలో, ఏ పేజీలో ఉందో కనుక్కోరా, ఆధారం లేకుండా పిల్లల ముందు మాట్లాడకూడదు” అంటూ ఆ పని నాకు అప్పగించారు.

ఇంకొక సంగతి. ఈ వెతుకులాటలో మా తాతగారి ట్రంకుపెట్టె తెరిస్తే, చర్చిల్ రాసిన ‘ది సెకండ్ వరల్డ్ వార్’ ఆరు సంపుటాల్లో మొదటిదీ నాలుగోదీ దొరికాయి. మిగిలిన నాలుగూ ఎవరు తీసుకువెళ్లి తిరిగి ఇవ్వలేదో తెలియదు. నాలుగో సంపుటంలో సిలోన్, బంగాళాఖాతం గురించిన అధ్యాయం పక్కన తాతగారు పెన్సిలుతో గీత గీసి, అంచున చిన్న అక్షరాలతో “విశాఖ, కాకినాడ” అని రాసుకున్నారు. అది చూసిన తరువాత వీటిని పూర్తిగా చదవాలనిపించింది. ఈ పెద్ద సంపుటాలతోనే మొదలుపెట్టవచ్చా, లేక ముందు వేరే ఏదైనా చదవాలా? ఆయన గురించి ఇతరులు రాసినవాటిలో మనవైపు నుంచి చూసిన పుస్తకాలు ఏవైనా ఉన్నాయా?

జవాబు: చరిత్ర మాస్టారు (ఒంగోలు)

మీ మేనమామగారు ఆధారం అడగడమే నాకు ఎంతో సంతోషం కలిగించింది, ఎందుకంటే ఆ సందేశాన్ని నాకు పంపినవారిలో ఇంతవరకు ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు. ఆ మాటలు చర్చిల్ పుస్తకాల్లో గానీ, 1974లో ఎనిమిది సంపుటాలుగా అచ్చయిన ఆయన ప్రసంగాల్లో గానీ లేవు. ఆయన మాటలను తేదీలతో సహా సేకరించడమే పనిగా పెట్టుకున్న రిచర్డ్ లాంగ్‌వర్త్ కూడా దీనికి ఆధారం దొరకలేదనే చెప్పారు. గాలికీ నీటికీ పన్ను అనే మాటలో వినిపించేది 1947 నాటి బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడి గొంతు కాదు, నీళ్ల సీసా కొనుక్కుని తాగుతున్న మన కాలపు మనిషి విసుగు.

అయితే ఇందులో ఒక ముక్క మాత్రం నిజమైనదే. 1947 మార్చి 6న కామన్స్ సభలో భారతదేశం గురించి జరిగిన చర్చలో చర్చిల్ ప్రతిపక్ష నాయకుడి హోదాలో మాట్లాడుతూ, రాజకీయ వర్గాలని చెప్పుకునే వీళ్లకు భారత ప్రభుత్వాన్ని అప్పగించడమంటే గడ్డిబొమ్మలకు అప్పగించడమేనని, కొన్నేళ్లు పోతే వాళ్ల ఆనవాలు కూడా మిగలదని అన్నాడు. ఆ గడ్డిబొమ్మల మాటను పట్టుకుని, దాని చుట్టూ మిగిలినదంతా ఎవరో అల్లారు. పార్లమెంటు చర్చల రికార్డు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది కాబట్టి, మీ మేనమామగారు ఆ పేజీని తన కళ్లతో తానే చూసుకోవచ్చు.

ఆ రోజున మద్రాసు రాష్ట్ర ప్రధానిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవారు) ఉన్నది మన టంగుటూరి ప్రకాశం పంతులుగారు. అంటే చర్చిల్ చెప్పిన గడ్డిబొమ్మల లెక్కలో ఆయనా ఉన్నట్టే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఆనవాలు మిగలదని చెప్పిన ఇరవై అయిదేళ్లకు ఒక జిల్లా పటం మీద ఆ పేరు కనిపించింది. పిల్లలకు చెప్పడానికి దొంగ సందేశం కన్నా ఈ నిజమే బాగుంటుందని నా అభిప్రాయం.

గాంధీజీని సగం బట్టలు కట్టిన ఫకీరుగా వర్ణించిన ప్రసంగం 1931 ఫిబ్రవరిలోనిది. వైస్రాయి భవనం మెట్లు ఎక్కి, చక్రవర్తి ప్రతినిధితో సరిసమానంగా కూర్చుని మాట్లాడడమే చర్చిల్‌కు కంటగింపయింది. అంతకు పదేళ్ల ముందు, 1921లో, మీ ఇందుకూరుపేటకు దగ్గరలోని పల్లిపాడు ఆశ్రమాన్ని ప్రారంభించిన మనిషి గురించే ఈ మాటలన్నీ. ఆ కాలపు ప్రసంగాలను ఆయనే 1931లో ‘ఇండియా’ అనే చిన్న పుస్తకంగా వేశాడు. మన గురించి ఆయన ఏమనుకునేవాడో ఎవరి వ్యాఖ్యానమూ లేకుండా తెలుసుకోవాలంటే అది చాలు.

జవాబు: కావలి పాఠకురాలు

పై మాస్టారుగారు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పారు కాబట్టి నేను రెండోదానికి చెబుతాను. దయచేసి ఆ పెద్ద సంపుటాలతో మొదలుపెట్టవద్దు. 1930లో వచ్చిన ‘మై ఎర్లీ లైఫ్’ చదవండి. యాభై అయిదేళ్ల వయసులో, తన చిన్నతనాన్ని తానే కొంచెం దూరం నుంచి చూసి నవ్వుకుంటూ రాసిన పుస్తకం అది. ఆయన రాసినవాటిలో నేను మూడుసార్లు చదివినది అదొక్కటే.

అందులో ఏడేళ్ల పిల్లవాడిని కొత్త బడిలో కూర్చోబెట్టి, లాటిన్‌లో బల్ల అనే మాటకు విభక్తులు వల్లించమనే ఘట్టం ఉంది. మన ‘డు ము వు లు’ లాంటిదే అనుకోండి. సంబోధన దగ్గరకు వచ్చేసరికి ఆ పిల్లవాడికి సందేహం వచ్చింది. ‘ఓ బల్లా’ అంటే ఏమిటని అడిగితే, బల్లను పిలిచేటప్పుడు, బల్లతో మాట్లాడేటప్పుడు అలా అంటారని పంతులు చెప్పాడు. నేనెప్పుడూ బల్లతో మాట్లాడనే అని ఆ పిల్లవాడు నిజాయతీగా ఆశ్చర్యపోతే, పెంకితనానికి కఠినమైన శిక్ష పడుతుందని ఆ పంతులు హెచ్చరించాడు. రామశబ్దం బట్టీ పట్టిన మా నాన్నగారికి ఈ పేజీ చదివి వినిపిస్తే, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు.

మనకు దగ్గరి సంగతులు కూడా ఆ పుస్తకంలో ఉన్నాయి. 1896లో ఇరవై ఒక్క ఏళ్ల సైనికాధికారిగా వచ్చి బొంబాయి రేవులో పడవ దిగబోతూ భుజం బెణికించుకున్నాడు. ఆ కుడి భుజం జీవితమంతా ఆయనను సతాయించింది. బెంగళూరు కంటోన్మెంటులో ఇద్దరు మిత్రులతో కలిసి ఒక బంగళాలో కాపురం ఉన్నాడు. వచ్చిన కొద్ది వారాలకే ఆయన దళం హైదరాబాదు వెళ్లి పోలో ఆటలో గోల్కొండ కప్పు గెలిచింది. ఉదయం కవాతు, సాయంత్రం పోలో, నడుమ ఎండ మండే వేళంతా చదువు. తల్లి ఇంగ్లండు నుంచి పంపిన చరిత్రకారులు గిబ్బన్, మెకాలేల సంపుటాలను వరుసపెట్టి చదివాడు. విశ్వవిద్యాలయం గడప తొక్కని మనిషికి ఆ వాక్యపు నడక అక్కడే పట్టుబడింది. ఆయన కట్టకుండా వదిలేసిన పదమూడు రూపాయల బాకీ చిట్టాను బెంగళూరు క్లబ్బు ఇప్పటికీ భద్రంగా దాచుకుందన్న సంగతి మాత్రం పుస్తకంలో ఉండదు.

ఆయన నవల ‘సావ్‌రోలా’ జోలికి వెళ్లవద్దు. ఆ నవల చదవవద్దని స్నేహితులను ఎప్పుడూ బతిమాలుతూ వచ్చానని రచయితే రాసుకున్నాడు, ఆ విషయంలో ఆయన మాట వినడం మంచిది.

జవాబు: సింగరాయకొండ

మీ అందరి చదువు మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మనల్ని పశువుల్లాంటి జనమని అన్న మనిషి వాక్యపు నడక చూసి మనం మురిసిపోవాలా? ఆయన యుద్ధ సంపుటాల మొదట్లో ‘విజయంలో ఔదార్యం, శాంతిలో సద్భావం’ అని నీతివాక్యం అచ్చువేసుకున్నాడు. 1943లో బెంగాల్ రోడ్ల మీద పడి చచ్చిపోయినవాళ్లకు ఆ ఔదార్యం ఎక్కడ కనిపించింది? దీనికి 1953లో సాహిత్య నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు.

జవాబు: రేవు ఇంజనీరు (కృష్ణపట్నం)

సింగరాయకొండవారి కోపం న్యాయమైనదే, కానీ ఆ కోపానికి కావలసిన ఆధారాలన్నీ దొరికింది కూడా పుస్తకాల్లోనే. పశువుల్లాంటి జనమన్న మాటను 1942లో తన డైరీలో రాసిపెట్టినవాడు చర్చిల్ మంత్రివర్గంలోనే భారత వ్యవహారాల మంత్రిగా ఉన్న లియో ఏమెరీ. గాంధీ ఇంకా ఎందుకు చనిపోలేదని చర్చిల్ చిరాకుగా తంతి పంపాడని 1944లో రాసుకున్నవాడు వైస్రాయి వేవెల్. ఆయన డైరీ 1973లో అచ్చయింది. ఇద్దరూ ఆయన మనుషులే కావడం వల్ల ఈ సాక్ష్యాలకు బరువు ఎక్కువ.

యుద్ధ సంపుటాలను ఎలా చదవాలో ముందు తెలుసుకుంటే మేలు. అవి 1948 నుంచి 1953 వరకు వచ్చాయి. చర్చిల్ ఒక్కడే బల్ల ముందు కూర్చుని రాసినవి కావు. చరిత్రకారుడు డీకిన్, సైన్యాధికారులు ఇస్మే, పౌనాల్ మొదలైనవాళ్లు కాగితాలు వెతికి చిత్తుప్రతులు తయారు చేస్తే, ఆయన లేఖకురాళ్లకు చెప్పి రాయించి, దిద్ది, తన గొంతు కలిపాడు. యుద్ధకాలంలో ప్రధానిగా తాను పంపిన నోట్లు, తంతులు విరివిగా ఎక్కించాడు గానీ, వాటికి ఎదుటివాళ్లు ఇచ్చిన జవాబులు అంత విరివిగా కనిపించవు. ఒక దావాలో ఒక పక్షం దస్తావేజులే చదువుతున్నామన్న స్పృహ చదివేవాడికి ఉండాలి. అలాగని ఆయన మోసం చేశాడని కూడా అనలేము, ఎందుకంటే ఇది చరిత్ర కాదని, చరిత్రకు తన వంతు చేర్పు మాత్రమేనని మొదటి సంపుటం ముందుమాటలోనే చెప్పుకున్నాడు. ఈ తయారీ కథనంతా కేంబ్రిడ్జి చరిత్రకారుడు డేవిడ్ రేనాల్డ్స్ 2004లో ‘ఇన్ కమాండ్ ఆఫ్ హిస్టరీ’ అనే పుస్తకంలో విప్పి చూపించాడు. మీ రెండు సంపుటాల పక్కన పెట్టుకుని చదవవలసిన పుస్తకం అది.

ఇక మీ తాతగారి పెన్సిలు గీత సంగతి. 1942 ఏప్రిల్ 5న జపాను విమానాలు కొలంబో మీద, మరునాడు విశాఖపట్నం, కాకినాడల మీద దాడి చేశాయి. మద్రాసులోని ప్రభుత్వ కార్యాలయాలు చాలావరకు లోపలి ఊళ్లకు తరలిపోయాయి, జనం మూటాముల్లె సర్దుకుని రైళ్లెక్కారు. మన తీరంలో ఆ నెల గడిపినవారికి ఆ అధ్యాయం పుస్తకంలా కనిపించి ఉండదు. చర్చిల్‌కు మాత్రం అది నౌకాదళ పటం మీది సమస్య. యుద్ధనౌకలు ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి, హిందూ మహాసముద్రం ఎవరి చేతిలో ఉంటుంది అన్నదే ఆయన ధ్యాస. ఆ తేడా గుర్తుపెట్టుకుని చదివితే నాలుగో సంపుటం చాలా రుచిస్తుంది. యుద్ధంలో సహకారం కోసం మన నాయకులతో మాట్లాడడానికి 1942లో లండన్ పంపిన క్రిప్స్ రాయబారం కూడా అందులోనే ఉంది.

బెంగాల్ కరువుకు మాత్రం ఆ ఆరు సంపుటాల ప్రధాన కథనంలో చోటు దొరకలేదు. 1942 మార్చిలో రంగూన్ పడిపోవడంతో బర్మా బియ్యం ఆగిపోయింది. జపానువాళ్ల చేతికి చిక్కకూడదని తీరప్రాంతంలో పడవలను, ధాన్యాన్ని ప్రభుత్వమే స్వాధీనం చేసుకుంది. అక్టోబరులో మిడ్నపూర్ మీద తుపాను విరుచుకుపడింది. యుద్ధపు ఖర్చుతో ధరలు మండిపోయాయి. దాదాపు ముప్పై లక్షల మంది చనిపోయారని ఎక్కువమంది పండితుల అంచనా, అప్పటి విచారణ సంఘం లెక్క పదిహేను లక్షలు. ఓడలు ఉండి కూడా ధాన్యం పంపడానికి లండన్ మంత్రివర్గం మొండికేసిందని మధుశ్రీ ముఖర్జీ 2010లో ‘చర్చిల్స్ సీక్రెట్ వార్’లో వాదించింది. 2018లో పెద్ద జీవితచరిత్ర రాసిన ఆండ్రూ రాబర్ట్స్ దానికి అడ్డంగా వాదించాడు. ఆస్ట్రేలియా గోధుమలు తేవడానికి ఓడలు ఇమ్మని 1944 ఏప్రిల్‌లో చర్చిల్ రూజ్‌వెల్ట్‌ను అడిగిన మాట నిజం, రూజ్‌వెల్ట్ ఇవ్వలేనన్న మాటా నిజం. కానీ అప్పటికి చావులు మొదలై చాలా నెలలైంది. ఓడల రాకపోకల మధ్య ఉద్యోగం చేసేవాడిగా నాకు తోచేది ఒకటే, ఏ ఓడను ముందు ఏ రేవుకు పంపాలన్నది లెక్క మాత్రమే కాదు, ఎవరి ఆకలి ముందు అన్న నిర్ణయం కూడా. అందుకే నేను ముఖర్జీ వైపు మొగ్గుతాను. మీరు రెండూ చదివి మీ మొగ్గు మీరే తేల్చుకోండి.

మార్టిన్ గిల్బర్ట్ పూర్తి చేసిన ఎనిమిది సంపుటాల అధికారిక జీవితచరిత్ర అవసరమైనప్పుడు తీసి చూసుకోవడానికే పనికొస్తుంది, వరుసగా చదవడానికి కాదు.

ప్రశ్న అడిగినవారు: పెన్నా ఒడ్డు (నెల్లూరు)

అందరికీ కృతజ్ఞతలు. మేనమామగారికి విషయం చెబితే మొదట “పదేళ్లుగా చెబుతున్నానే ఆ మాట” అని కాసేపు మౌనంగా ఉండిపోయారు. ఆ తరువాత 1947 నాటి వాక్యాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుని, దానినే పిల్లలకు చెబుతానని, వెంటనే ప్రకాశం పంతులుగారి పేరు కూడా చెబుతానని అన్నారు. ఒక్క సందేహం మిగిలింది. ఆ మాటకు తెలుగులో గడ్డిబొమ్మలు అనడం మంచిదా, పొలంలో నిలబెట్టే దిష్టిబొమ్మలు అంటే పిల్లలకు తొందరగా అర్థమవుతుందా అని అడుగుతున్నారు. నేను ‘మై ఎర్లీ లైఫ్’ తెప్పించుకుంటున్నాను, నాలుగో సంపుటం దాని తరువాతే.

జవాబు: చరిత్ర మాస్టారు (ఒంగోలు)

గడ్డిబొమ్మలనే ఉంచమనండి. దిష్టిబొమ్మకు చేలో ఒక పని ఉంటుంది, చర్చిల్ మనవాళ్లకు ఆ మాత్రం పని కూడా ఒప్పుకోలేదు. తేదీ మాత్రం తప్పకుండా చెప్పించండి, 1947 మార్చి 6.