క్లోన్ చేసిన వీఎంలన్నిటికీ (వర్చువల్ మెషిన్లకి) ఒకటే ఐపీ వస్తోంది. టెంప్లేట్ ఎలా చేయాలి?

పొద్దుటి_డ్యూటీ
వీఎంలు నడిపే ప్రాక్స్‌మాక్స్‌లో ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ డిస్క్ ఫైల్) నుంచి ఉబుంటు సర్వర్ వేశాను. అప్‌డేట్లు, మాకు కావలసిన టూల్స్ అన్నీ ఎక్కించి, కమాండ్ లైన్‌లోనే క్యూఎం టెంప్లేట్ (వీఎంని క్లోన్లకి మూసగా మార్చే కమాండ్) కొట్టాను. దాన్నుంచి మూడు క్లోన్లు తీశాను. మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్ కార్డుల గుర్తింపు నంబర్లు) వేరువేరుగానే ఉన్నాయి, అయినా ఐపీలు పంచే డీహెచ్‌సీపీ మూడింటికీ ఒకటే ఐపీ ఇస్తోంది. ఒకదాంట్లో పని చేస్తుంటే కనెక్షన్ తెగిపోతుంది, మళ్లీ కనెక్ట్ అయితే ఇంకోదాంట్లో ఉంటున్నాను. రెండు రోజులుగా రౌటర్ సెట్టింగ్స్ మారుస్తూ కూర్చున్నాను. ఎవరికైనా ఇలా జరిగిందా?

నల్లతెర
రౌటర్ తప్పేం లేదండి. మూడు క్లోన్లలోనూ ఈటీసీ డైరెక్టరీలో మెషిన్ ఐడీ అనే ఫైల్‌ను క్యాట్ చేసి చూడండి. 32 అక్షరాల వరస ఒకటి కనిపిస్తుంది. ఉబుంటు సర్వర్‌లో నెట్‌వర్క్ చూసుకునే సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ, ఐపీ అడిగేటప్పుడు మ్యాక్ కాకుండా ఆ ఐడీ నుంచి తయారుచేసిన గుర్తింపును పంపుతుంది. అది ఒకటే అయితే డీహెచ్‌సీపీ సర్వర్‌కి మూడూ ఒకే మెషిన్.

టెంప్లేట్ చేసే ముందు ట్రంకేట్ కమాండ్‌తో ఆ ఫైల్ సైజు 0 చేయాలి. ఫైల్ ఉండాలి, లోపల ఏమీ ఉండకూడదు. ఆ తర్వాత వెంటనే షట్‌డౌన్. మధ్యలో ఒక్కసారి బూట్ చేసినా కొత్త ఐడీ వచ్చి కూర్చుంటుంది, మళ్లీ మొదటికే.

పొద్దుటి_డ్యూటీ
చూశాను. మూడింట్లోనూ అక్షరం తేడా లేదు! ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఉండే నెట్‌ప్లాన్‌లో డీహెచ్‌సీపీ ఐడెంటిఫయర్‌ని మ్యాక్ అని పెడితే సరిపోదా? టెంప్లేట్ మళ్లీ చేసే పని తప్పుతుంది కదా.

నల్లతెర
ఐపీ గొడవ తీరుతుంది కానీ రోగం అలాగే ఉంటుంది. జర్నల్ లాగ్‌లు ఆ ఐడీ పేరుతోనే దాచుకుంటాయి. రేపు అన్ని సర్వర్ల లాగ్‌లూ ఒకచోటికి చేర్చినప్పుడు, ఐడీని బట్టి చూస్తే ఏది ఎవరిదో తెలియదు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) హోస్ట్ కీలు, అంటే సర్వర్ తానెవరో రుజువు చేసుకునే కీలు కూడా మూడింటికీ ఒకటే అయి ఉంటాయి. ఒక వీఎం నుంచి ప్రైవేట్ కీ బయటికి పోతే మిగతా రెండింటిలా నటించడం ఎవరికైనా వీలవుతుంది. నాకు ఐపీ కంటే ఇదే ఎక్కువ టెన్షన్.

డిస్క్_గూడు
ఇవన్నీ చేత్తో చేస్తే ఏదో ఒకటి మరిచిపోతాం. నేను వర్ట్ సిస్‌ప్రెప్ అనే టూల్ వాడతాను. మెషిన్ ఐడీ, హోస్ట్ కీలు, లాగ్‌లు, బ్యాష్ హిస్టరీ అన్నీ ఒక్క కమాండ్‌తో తుడిచేస్తుంది. కానీ నాకు తగిలిన దెబ్బలు చెబుతాను, మీకు తగలకూడదు.

మొదటిది, నడుస్తున్న వీఎం మీద దాన్ని ఎప్పుడూ వాడకండి, డిస్క్ పాడవుతుంది. రెండోది, అది యూజర్ల డాట్ ఎస్ఎస్‌హెచ్ డైరెక్టరీలను, క్రాన్ జాబ్‌లను (టైం ప్రకారం వాటంతట అవే నడిచే పనులను) కూడా తీసేస్తుంది. నా పబ్లిక్ కీ పోయి, పాస్‌వర్డ్ లాగిన్ ముందే ఆపేసి ఉండడంతో క్లోన్‌లోకి వెళ్లే దారే లేకుండా పోయింది. ముందు లిస్ట్ ఆపరేషన్స్ అనే ఆప్షన్‌తో జాబితా చూడండి. పక్కన నక్షత్రం గుర్తున్నవన్నీ మీరు అడగకపోయినా జరిగేవే. మూడోది డెబియన్ వాళ్లకి: క్లౌడ్ ఇనిట్ (మొదటి బూట్‌లో సెట్టింగ్స్ చేసే ప్రోగ్రామ్) లేకపోతే తీసేసిన హోస్ట్ కీలు వాటంతట అవి తిరిగి రావు, ఎస్ఎస్‌హెచ్ సర్వీసే లేవదు. ఫస్ట్ బూట్ కమాండ్‌గా డీపీకేజీ రీకాన్ఫిగర్ ఓపెన్ఎస్ఎస్‌హెచ్ సర్వర్ అని ఇచ్చాక నాకు ఆ బాధ తప్పింది.

బేస్_ఇమేజ్
అసలు ఐఎస్ఓ నుంచి ఎందుకండి? ఉబుంటు, డెబియన్ వాళ్లే క్లౌడ్ ఇమేజ్‌లు (ముందే ఇన్‌స్టాల్ చేసిన డిస్క్ ఫైళ్లు) తయారుచేసి ఇస్తున్నారు. క్యూఎం క్రియేట్‌తో ఖాళీ వీఎం చేసి, క్యూఎం డిస్క్ ఇంపోర్ట్‌తో ఆ ఇమేజ్ ఎక్కించి, క్యూఎం సెట్‌తో డిస్క్‌ని తగిలించి, బూట్ ఆర్డర్, క్లౌడ్ ఇనిట్ డ్రైవ్, సీరియల్ పోర్ట్ పెట్టి, ఒక్కసారి కూడా బూట్ చేయకుండా క్యూఎం టెంప్లేట్ కొట్టేయడమే. బూట్ చేయలేదు కాబట్టి తుడవాల్సింది పెద్దగా ఉండదు. డిస్క్ పెంచితే రూట్ పార్టిషన్ కూడా మొదటి బూట్‌లో తనే పెరుగుతుంది. ఐఎస్ఓ నుంచి వేసేటప్పుడు రూట్ తర్వాత స్వాప్ (మెమరీకి తోడుగా వాడే) పార్టిషన్ పెట్టుకున్న వాళ్లకి ఈ సుఖం లేదు, స్వాప్ అడ్డం పడుతుంది.

డిస్క్_గూడు
ఒక్కటి కలుపుతాను. ఆ ఇమేజ్‌లో గెస్ట్ ఏజెంట్ (వీఎం లోపలి నుంచి ప్రాక్స్‌మాక్స్‌తో మాట్లాడే ప్రోగ్రామ్) ఎక్కించడానికి వర్ట్ కస్టమైజ్ అనే టూల్ వాడితే, అది కూడా మెషిన్ ఐడీ రాసి పెడుతుంది. కమాండ్ చివర్లో ట్రంకేట్ ఆప్షన్ ఇవ్వాలి. "బూట్ చేయలేదు కదా" అన్న ధీమాతో నేను ఇక్కడే పడ్డాను.

రాత్రి_షిఫ్ట్
ప్రాక్స్‌మాక్స్ లేకుండా క్యూఈఎంయూ (వీఎంలు నడిపే ప్రోగ్రామ్) మాత్రమే వాడేవాళ్లకి నా అనుభవం. క్యూఈఎంయూ ఇమేజ్ కమాండ్‌తో బేస్ ఫైల్ మీద పలచని ఓవర్‌లే ఫైల్స్ (మార్పులు మాత్రమే దాచుకునేవి) చేసుకోవచ్చు. క్షణంలో తయారవుతాయి, చోటు చాలా తక్కువ తింటాయి. 6.1 వెర్షన్ నుంచి బేస్ ఫార్మాట్ కూడా తప్పకుండా చెప్పాలి, లేకపోతే కమాండ్ ఒప్పుకోదు. ఒకసారి అప్‌డేట్లు వేద్దామని బేస్ ఫైల్‌నే బూట్ చేశాను. దాని మీద ఆధారపడ్డ నాలుగు వీఎంల ఫైల్ సిస్టమ్‌లూ చెడిపోయాయి. వాటిలో ఒకదానికి బ్యాకప్ లేదు. ఆ రోజు నుంచి బేస్ ఫైల్ తయారవగానే సీహెచ్‌మోడ్ 444 (చదవడానికి మాత్రమే) కొడుతున్నాను. అప్‌డేట్ కావాలంటే కాపీ తీసి, దాన్ని కొత్త బేస్‌గా చేస్తాను, పాతదాని జోలికి పోను.

ప్రాక్స్‌మాక్స్‌లో లింక్డ్ క్లోన్లూ ఇలాంటివే. కాకపోతే క్లోన్లు బతికి ఉండగా టెంప్లేట్‌ని తీసేయనివ్వదు, ఆ రక్షణ ఉంది. ఎక్కువ కాలం ఉంచే సర్వర్లకి నేనైతే ఫుల్ క్లోనే (పూర్తి కాపీ) తీస్తాను.

పొద్దుటి_డ్యూటీ
క్లౌడ్ ఇమేజ్ దారిలో చేశాను. కమాండ్లన్నీ ఒక షెల్ స్క్రిప్ట్‌లో పెట్టి గిట్‌లో దాచాను. మూడు కొత్త క్లోన్లకి మూడు ఐపీలు, మూడు ఐడీలు. హోస్ట్ కీల ఫింగర్‌ప్రింట్లు కూడా పోల్చి చూశాను, వేరే! అందరికీ చాలా థ్యాంక్స్ అండి. పాత మూడింట్లో ఒకదాంట్లో డేటాబేస్ ఉంది, దాన్ని తీసేయలేను. అక్కడికక్కడే బాగుచేయవచ్చా?

నల్లతెర
చేయవచ్చు. ముందు స్నాప్‌షాట్ తీసుకోండి. మెషిన్ ఐడీ ఫైల్ ఖాళీ చేసి, సిస్టమ్‌డీ మెషిన్ ఐడీ సెటప్ అనే కమాండ్ నడపండి. హోస్ట్ కీలు తీసేసి ఓపెన్ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌ని డీపీకేజీ రీకాన్ఫిగర్ చేయండి, తర్వాత రీబూట్. ఐపీ మారవచ్చు, కాబట్టి డేటాబేస్‌ని వాడే అప్లికేషన్లలో అడ్రస్ చూసుకోండి. ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్తే హోస్ట్ కీ మారిందని పెద్ద హెచ్చరిక వస్తుంది. కన్సోల్‌లో కొత్త ఫింగర్‌ప్రింట్ చూసి సరిపోల్చాకే మీ కంప్యూటర్‌లో ఉన్న పాత కీ ఎంట్రీ తీసేయండి.