డీఆర్‌ఎఫ్‌ఎం సిమ్యులేషన్: 64 పల్స్‌లూ నిజంగా నడపాలా?

మారతహళ్లి_వాసు: బెంగళూరులో చిన్న డిఫెన్స్ కంపెనీలో చిప్ వెరిఫికేషన్ (డిజైన్ సరిగ్గా పనిచేస్తోందా అని సిమ్యులేషన్‌లో టెస్ట్ చేసే పని) చేస్తున్నా, పేరు అడక్కండి. డేర్ (డీఆర్‌డీఓ ఏవియానిక్స్ ల్యాబ్), బీఈఎల్ (ప్రభుత్వ డిఫెన్స్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ) ఉన్న ఊరు కదా, ఈ పని తెలిసినవాళ్లు ఇక్కడ దొరుకుతారని ఆశ. నా బ్లాక్ డీఆర్‌ఎఫ్‌ఎం, అంటే ఎదుటి రాడార్ పల్స్‌ని ఏడీసీతో (సిగ్నల్‌ని అంకెలుగా మార్చేది) పట్టి, మెమరీలో పెట్టుకుని, కాస్త ఆలస్యంగా డాప్లర్ (వేగం వల్ల వచ్చే ఫ్రీక్వెన్సీ మార్పు) కలిపి, లేని టార్గెట్ ఉన్నట్టు కనపడేలా తిరిగి పంపేది. క్లాక్ 300 మెగాహెర్ట్జ్, పల్స్‌కీ పల్స్‌కీ మధ్య 1 మిల్లీసెకను, డాప్లర్ 20 కిలోహెర్ట్జ్. నాలుగు పల్స్‌లు పెడితే మ్యాట్‌ల్యాబ్ మోడల్‌తో బిట్ టు బిట్ సరిపోయింది. మా లీడ్ మాత్రం 64 కావాలంటాడు. దాదాపు 1.9 కోట్ల క్లాక్‌లు! వేవ్‌ఫామ్ డంప్‌తో (సిగ్నల్ మార్పులన్నీ ఫైల్‌లో రాయడంతో) సర్వర్ డిస్క్ నిండిపోయి పక్క టీమ్ తిట్టిపోస్తోంది.

చిప్పుల_చిన్నా: బ్రదర్, 64 సంగతి తర్వాత, ముందు ఆ 20 మార్చండి. 1 మిల్లీసెకనులో 20 కిలోహెర్ట్జ్ సరిగ్గా 20 చుట్లు తిరిగి మొదలుపెట్టిన ఫేజ్‌కే వస్తుంది, కాబట్టి డిజైన్ ప్రతి పల్స్‌కీ అక్యుములేటర్‌ని (ఫేజ్ లెక్క పెట్టుకునే రిజిస్టర్‌ని) సున్నా చేసేస్తున్నా మీ టెస్ట్ హాయిగా పాసవుతుంది. అదే బోర్డు మీదికి వెళ్తే రాడార్ డాప్లర్ ప్రాసెసింగ్‌లో మీ దొంగ టార్గెట్ అనుకున్న వేగం చూపించదు. 20.3 పెట్టండి, రెండో పల్స్ 108 డిగ్రీలు జరిగి రావాలి.

ఆర్టీఎల్_రమణి: చిన్నా గారు చెప్పింది నిజమే. గ్యాప్‌లో టైమ్ వేస్ట్ అనుకుంటే కౌంటర్లనీ అక్యుములేటర్‌నీ ఫోర్స్ చేసి (బయటి నుంచి విలువ రుద్ది) ముందుకు జరపొచ్చు, చాలామంది అదే చేస్తారు. నాకైతే నచ్చదు, ఎందుకంటే చెక్ చేయాల్సిన రిజిస్టర్‌నే మన చేత్తో సరిచేసినట్టవుతుంది. డంప్ ఆపేసి, స్కోర్‌బోర్డ్ (డిజైన్ ఔట్‌పుట్‌ని మోడల్‌తో పోల్చే చెకర్) ఒక్కటే పెట్టి, రాత్రి ఒక పూర్తి రన్ వదిలేయండి. ఇంకోటి, డిలే బాగా తక్కువ పెట్టినప్పుడు రీడ్ అడ్రస్ రైట్ అడ్రస్‌ని తగులుతుందేమో చూడండి, మెమరీ చివర చుట్టు తిరిగే చోట మరీనూ. 1 మైక్రోసెకను తేడా అంటే రేంజ్‌లో 150 మీటర్లు.

చిప్పుల_చిన్నా: ఏడీసీ క్లాక్ వేరే అయితే సీడీసీ టూల్ (ఒక క్లాక్ నుంచి ఇంకో క్లాక్‌కి సిగ్నల్ దాటే చోట్లు చెక్ చేసేది) కూడా నడపండి, మామూలు సిమ్యులేషన్‌లో ఆ రోగం కనపడదు.

మారతహళ్లి_వాసు: 20.3 పెట్టా. రెండో పల్స్ దగ్గరే ఫెయిల్, ట్రిగ్గర్ వచ్చినప్పుడల్లా అక్యుములేటర్ రీసెట్ అవుతోంది. డిజైనర్ స్పెక్‌లో అలాగే ఉందంటున్నాడు, రేపు మీటింగ్‌లో పంచాయితీ.