హాస్పిటల్లో దివ్యాంగుల పార్కింగ్: "రెండు నిమిషాలే కదా" అంటే ఒప్పుకోవచ్చా?

కిరణ్:
సీరియస్‌గానే అడుగుతున్నా. హాస్పిటల్‌కి వచ్చేవాళ్ళంతా ఒంట్లో బాగోకే వస్తారు. జ్వరంతో తూలిపోతున్న మనిషిని ఎక్కడో చివర దించి నడిపించే బదులు, ఖాళీగా ఉన్న దివ్యాంగుల స్లాట్‌లో రెండు నిమిషాలు ఆపి దించితే ఎవరికి నష్టం? డ్రైవర్ కార్లోనే ఉంటాడు, ఎవరన్నా వస్తే తీసేస్తాడు కదా.

సరళ:
నష్టం ఉందండి కిరణ్ గారూ. ఆ స్లాట్ గుమ్మానికి దగ్గరగా ఉండటం ఒక్కటే కాదు, వెడల్పు ముఖ్యం. మామూలు స్లాట్ 2.4, 2.5 మీటర్లుంటే ఇది పక్కన గీతలు కొట్టిన ఖాళీతో కలిపి చాలాచోట్ల 3.6 మీటర్ల దాకా ఉంటుంది. మా నాన్నకి నడుము కింద స్పర్శ లేదు. ఆయన దిగాలంటే డోర్ పూర్తిగా తెరుచుకోవాలి, వీల్‌చైర్‌ని సీటు పక్కకి ఏటవాలుగా తెచ్చి బ్రేకులు వెయ్యాలి, ఒక చెయ్యి సీటు మీద ఇంకో చెయ్యి చైర్ మీద ఆనించి ఆయన ఒళ్ళంతా పైకెత్తి జరుగుతుంటే నేను వెనకనుంచి నడుం బెల్టు పట్టుకోవాలి. మామూలు స్లాట్‌లో డోర్ సగమే తెరుచుకుంటుంది, ఇక దిగడమే కుదరదు, దగ్గరా దూరమా అన్నది తర్వాత సంగతి. వస్తే తీసేస్తాడన్నారు, వెనక కార్లు హారన్ కొడుతుంటే మేం ఆగి అద్దం దించి బతిమాలుకోవాలా? చాలామంది అడగలేక ముందుకెళ్ళిపోతారు, అందుకే మీకు ఎవరూ రానట్టు అనిపిస్తుంది. ఇంకోటి, ఆ గీతల ఖాళీలో బైకులు పెట్టేస్తారు! ఒకసారి డాక్టర్ని చూసి వచ్చేసరికి అదే పరిస్థితి, ఆ బండివాళ్ళు వచ్చేదాకా నాన్న ఎండలో చైర్లోనే ఉన్నారు.

భాను:
మరి వీల్‌చైర్ లేనివాళ్ళ సంగతేంటి? నాకు హార్ట్ ఫెయిల్యూర్, ఈ స్లాట్ వాడుకోవడానికి పర్మిట్ ఉంది. చూస్తే బాగానే కనిపిస్తా, కాస్త నడిస్తే ఆయాసం. మొన్న ఒకావిడ అందరిముందూ "కాళ్ళు బాగానే ఉన్నాయిగా" అని అరిచింది. ఈ కోపాలన్నీ చివరికి మాలాంటివాళ్ళ మీదే పడుతున్నాయి.

సరళ:
భాను గారూ, పర్మిట్ ఉంటే ఆ చోటు మీదే, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఆ స్లాట్ల మీదుండే వీల్‌చైర్ గుర్తుని 1968లో డెన్మార్క్‌కి చెందిన డిజైన్ విద్యార్థిని సుసానె కోఫోడ్ మొదట గీశారు, బొమ్మలో వీల్‌చైరే ఉంది గానీ దాన్ని అన్నిరకాల వైకల్యాలకీ వాడుతున్నారు. పర్మిట్ ఉందో లేదో సెక్యూరిటీ చూడాలి, దారినపోయేవాళ్ళకి ఆ పని ఎవరు చెప్పారు? నా కోపం పర్మిట్ లేకుండా పెట్టేవాళ్ళ మీద, అంతకన్నా చూసీచూడనట్టు వదిలేసే మేనేజ్‌మెంట్ మీద.

వాసు:
మేం వెళ్ళే హాస్పిటల్లో పొద్దున్నే ఆ స్లాట్లలో స్టాఫ్ కార్లే ఉంటాయి. గార్డు తన పైవాళ్ళని ఏమని అడుగుతాడు పాపం.

కిరణ్:
సరే, మరి పోర్టికో నిండా అంబులెన్సులుంటే మా పేషెంట్‌ని ఎక్కడ దించాలి? అదీ చెప్పండి.

సరళ:
న్యాయమైన ప్రశ్నే. దానికి హాస్పిటల్ వేరే డ్రాప్ పాయింట్ పెట్టాలి, అక్కడ వీల్‌చైర్‌తో ఒక అటెండర్ ఉండాలి. అది లేకపోవడంవల్లే మీరూ మేమూ ఒక స్లాట్ కోసం కొట్టుకుంటున్నాం. మీరు రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి, నేనూ ఇస్తా, వాసు గారూ, స్టాఫ్ కార్ల విషయం మీరు మర్చిపోకుండా రాయండి.